మెకానిక్‌ని పంపకుండా చెప్పిన సినిమా

లిఫ్టులో ఇరుక్కున్న మనిషి ముందు కనపడ్డ బటన్లన్నీ నొక్కుతాడు. తర్వాత తలుపు బాదుతాడు. ఆ తర్వాత, ఎవరో చూస్తున్నట్టు చొక్కా సర్దుకుని, గంట బొమ్మ ఉన్న పసుపు బటన్ నొక్కుతాడు. అప్పుడు గోడలోంచి ఒక ఆడగొంతు "చెప్పండి, నేనున్నాను" అంటుంది. పదిహేడేళ్ళుగా ఆ గొంతు కథలక్కది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. లిఫ్టుల కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఆరు కుర్చీలు, ఆరు తెరలు ఉన్నాయి. కిటికీ లేదు. అక్కడి పని రెండు ముక్కలు. ఒకటి, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపడం. రెండు, అతను వచ్చేదాకా లోపలి మనిషిని మాటల్లో పెట్టడం. మొదటి పనికి ఒక వేలు చాలు, రెండోదానికి మనిషి కావాలి. కొందరు ఆపరేటర్లు వాతావరణం గురించి మాట్లాడతారు. నాలుగు రేకుల మధ్య నిలబడ్డవాడికి వాతావరణంతో ఏం పనో వాళ్ళకే తెలియాలి. కొందరు గట్టిగా ఊపిరి పీల్చుకోమంటారు. దాంతో గాలి అయిపోతోందేమోనని లోపలివాడికి కొత్త భయం పట్టుకుంటుంది. కథలక్క సినిమా చెబుతుంది. అదీ ఒకే జాతి సినిమా. ఎగిరేవాళ్ళు, గోడలు పగలగొట్టేవాళ్ళు, పనిలో పనిగా లోకాన్ని కాపాడేవాళ్ళు ఉండేది.

నలభై తొమ్మిదేళ్ళ ఆడమనిషికి సూపర్ హీరోల పిచ్చేమిటి అని అడిగినవాళ్ళకి ఆమె జవాబు ఎప్పుడూ సిద్ధమే: "మీరు ఒక బంతి వెనకాల ఇరవైమంది పరిగెత్తడం చూస్తారుగా. నేను ఒక్కడు ఎగరడం చూస్తా. నాదే పొదుపు."

పన్నెండేళ్ళ క్రితం కూతురికి తోడుగా హాలుకు వెళ్ళింది. కూతురు ఎదిగి ఆ సినిమాలు మానేసింది, తల్లి మానలేదు. ఇప్పుడు ఇంట్లో నోరు తెరిస్తే కూతురు, "అమ్మా, మళ్ళీ మొదలెట్టకు, నీకు దణ్ణం పెడతా" అంటుంది. కుట్టుమిషన్లు బాగుచేసే భర్త, "ఈసారి లోకం మిగిలిందా?" అని అడిగి, జవాబు వినకుండా స్క్రూ తిప్పుకుంటాడు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళ ఆమె "నిన్న..." అనగానే కంట్రోల్ రూమ్‌లో అయిదుగురికీ ఒకేసారి అర్జెంటు ఫోన్లు గుర్తొస్తాయి. పారిపోలేని శ్రోత ఆమెకు లిఫ్టులో మాత్రమే దొరుకుతాడు.

ఆ సోమవారం పది నలభై రెండుకి అలాంటి శ్రోత ఒకరు దొరికారు.

ఏడంతస్తుల ఇళ్ళ బిల్డింగు. అలారం మోగగానే తెర మీద పేజీ తెరుచుకుంది, వరుస పసుపు రంగులో వెలిగింది. ఆమె బిల్డింగు పేరు, లిఫ్టు నంబరు కొట్టింది. కింద 'పంపు' అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే మెకానిక్ ఫోను మోగుతుంది, అతను సరేనంటే వరుస పచ్చబడుతుంది.

"చెప్పండి, నేనున్నాను."

"నమస్కారమమ్మా. నేను నాలుక్కీ అయిదుకీ మధ్య ఎక్కడో ఉన్నాను."

"ఊపిరి బాగానే ఆడుతోందాండీ? ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. నేనూ ఒక కూరల సంచీ. కంగారేం లేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పాను, ఎక్కడున్నానో తెలిస్తే చాలు నాకు."

ఆమె నవ్వింది. చెయ్యి బటన్ వైపు వెళ్తోంది. మాస్టారు గొంతు సవరించుకుని అన్నాడు: "ఇక్కడ గోడకి ఒక బొమ్మ అంటించారమ్మా. ఒకాయన అద్దంలోంచి సగం బయటికొచ్చి నిలబడ్డాడు. ఎవరీయన? చూడబోతే నాలాగే ఇరుక్కున్నట్టున్నాడు."

చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె చెప్పగా విన్నవాళ్ళు ఉన్నారు గానీ, అడిగి చెప్పించుకున్నవాళ్ళు లేరు.

"ఆయనా! అద్దాలాయన అంటారండీ. ఒక అద్దంలో దూరి ఇంకో అద్దంలోంచి వస్తాడు. నిన్ననే చూశా, మొదటి ఆట. ఆరో భాగం."

"ఆరా! అయిదింట్లో పని పూర్తి కాలేదా?"

"ఎక్కడవుతుందండీ! మొదటి దాంట్లో ఒక వీధిని కాపాడాడు. రెండులో ఊరు. మూడులో దేశం, నాలుగులో భూమి. అయిదుకొచ్చేసరికి విశ్వమే. ఇప్పుడు విశ్వాలు పదకొండట, ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయట."

"పదకొండింటికీ పటాలు గీయాలంటే మావాళ్ళ పని అయినట్టే."

"నేనొకటి చెప్తా వినండి. మొదట్లో ఆయన బట్టలు ఆయనే ఉతుక్కునేవాడు. భుజం దగ్గర రంగు పోయిందని బకెట్టు ముందు కూర్చుని బాధపడే సీనొకటి ఉండేది, నాకు ప్రాణం. ఇప్పుడేమో మెళ్ళో బిళ్ళ నొక్కితే డ్రెస్సు దానంతటదే ఒంటి మీదికొచ్చేస్తుంది. చిరగదు, మాయదు. చిరగని బట్టేసుకున్నవాడి మీద జాలెలా పుడుతుంది చెప్పండి?"

"నిజమే."

"చావులూ అంతే. నాలుగో భాగంలో వాళ్ళ తమ్ముడు చచ్చిపోతే హాల్లో వెక్కి వెక్కి ఏడ్చా. పక్కసీటావిడ భయపడి నీళ్ళసీసా చేతిలో పెట్టింది. అయిదులో వాడు నవ్వుకుంటూ వచ్చాడు! పక్క విశ్వం తమ్ముడట. మరి నా ఏడుపు ఎవరిస్తారండీ వెనక్కి?"

మాస్టారు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఆమె తలకెక్కింది. కుర్చీ వెనక్కి జరుపుకుంది. తెర పక్కకు పోయింది.

"ఇంకోటండీ, ఇది మా పని వల్ల నాకే కనపడుతుందేమో. నిన్న ముప్పై రెండంతస్తుల బిల్డింగొకటి కూల్చేశారు. పట్టపగలు, ఆఫీసుల బిల్డింగు. అంటే తక్కువలో తక్కువ ఎనిమిది లిఫ్టులు. ఎనిమిదింట్లో ఒక్క పురుగైనా లేదా? ఒక్క అలారమైనా మోగదా? దుమ్ము లేచింది, ఆయన జోకేశాడు, అయిపోయింది. ఇదివరకు ఎవర్నైనా కిందికి దించితే 'దెబ్బేం తగల్లేదుగా?' అని అడిగేవాడండీ. ఇప్పుడు తీరికేదీ? అవతల పదకొండు విశ్వాలాయె!"

"ఆహా."

"అయినా అంత దుమ్ములోనూ ఒక్క సీనుంది. దాని కోసం మళ్ళీ వెళ్తా నేను."

ఆ సీన్లో ఒక ముసలావిడ గోడ కింద ఇరుక్కుంటుంది. చుట్టుపక్కల అద్దం ముక్క లేదు కాబట్టి అద్దాలాయన శక్తి పనికిరాదు. ఏం చెయ్యాలో తోచక నేల మీద కూర్చుని, సందులోంచి చెయ్యి పోనిచ్చి ఆవిడ వేళ్ళు పట్టుకుంటాడు. మీ ఇంటి తలుపు ఏం రంగు, మీ పిల్లి పేరేమిటి అని అడుగుతూ కూర్చుంటాడు, క్రేను వచ్చేదాకా. తెర మీద అది ఒకటిన్నర నిమిషం. కథలక్క పన్నెండు నిమిషాలు చెప్పింది. పిల్లి గొంతు కూడా పెట్టింది. లోకంలో తను చేసే పనిని ఎవరో మొట్టమొదటిసారి సినిమాగా తీశారని ఆమె నమ్మకం. మాస్టారు "ఊఁ" అంటున్నాడు. ముందు "నిజమే" ఉండేది, తర్వాత "ఆహా", ఇప్పుడు "ఊఁ". కథలో లీనమైపోయాడని ఆమె మురిసిపోయింది.

"అమ్మా, ఒక్క మాట. మధ్యలో అడ్డొస్తున్నా, ఏమనుకోకండి" అన్నాడు మాస్టారు మెల్లగా. "మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో కాస్త చూస్తారా?"

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. వరుస పసుపుగానే ఉంది. కింద 'పంపు' బటన్, ఎవరూ ముట్టనిది, అలాగే వెలుగుతోంది. పదకొండు ఇరవై మూడు. నలభై ఒక్క నిమిషాలుగా ఆయన కోసం ఎవరూ బయల్దేరలేదు.

"దగ్గరికొచ్చేశాడండీ" అంది. "దారిలో కాస్త ఇబ్బందైందట." తర్వాత ఆమెను అన్నిటికంటే ఎక్కువ తొలిచింది ఇదే. ఆ అబద్ధం చెప్పేటప్పుడు గొంతు వణకలేదు. పిల్లి గొంతు పెట్టినంత తేలిగ్గా వచ్చేసింది.

మైకు ఆపి మెకానిక్‌కి ఫోను చేసింది. సన్నగా ఉంటాడనీ, లిఫ్టు గోతిలో ఎక్కడ పడితే అక్కడ వాలతాడనీ అతన్ని అందరూ పిట్ట అంటారు.

"పిట్టా, ఎక్కడున్నావురా?"

"టీ తాగుతున్నానక్కా. పొద్దున్నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బుద్ధిమంతులైపోయాయి."

ఆ బిల్డింగుకి రెండు వీధుల అవతల తాగుతున్నాడు. ఏడు నిమిషాల్లో అక్కడున్నాడు, ఇంకో ఏడు నిమిషాల్లో తలుపు తీశాడు. ఈలోగా మాస్టారు, "పర్లేదమ్మా, మీ కథ పూర్తి చెయ్యండి" అన్నాడు. ఆమె పూర్తి చేసింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు.

మెకానిక్‌ని ఫోన్లో పంపితే పేజీలో ఆ సమయం చేత్తో కొట్టాలి. ఆమె 10:45 అని కొట్టింది. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయని చెప్పుకుంటే బాగుండేది. అలా జరగలేదు. పక్క కుర్చీ వైపు ఓసారి చూసి, అలారానికీ దీనికీ మూడు నిమిషాల తేడా ఉంటే నమ్మేలా ఉంటుందని లెక్కేసుకుని మరీ కొట్టింది. ఆ అంకెతో ఆలస్యమంతా పిట్ట మెడకు చుట్టుకుంటుందని తనకు అప్పుడు తట్టలేదని రెండు రోజులు తనకు తానే చెప్పుకుంది. మూడో రోజుకి ఆ మాట ఆమే నమ్మలేకపోయింది.

గురువారం ఉత్తరం వచ్చింది. గీతలు లేని కాగితం మీద గీత గీసినట్టున్న అక్షరాలు. సూపర్‌వైజరు కుర్రాడు గది మధ్యలో నిలబడి చదివాడు: "'మీ ఆపరేటరు గారు నన్ను ఒక్క క్షణం భయపడనివ్వలేదు. ఆ గంట ఎలా గడిచిందో తెలియలేదు. ఇలాంటివారు ఉండటం మీ సంస్థ అదృష్టం.' విన్నారా! నేనొచ్చాక తిట్లు తప్ప ఉత్తరం రాలేదు ఈ ఆఫీసుకి. కథలక్కా, వచ్చే సోమవారం కొత్తగా చేరిన తొమ్మిదిమందికి నువ్వే పాఠం చెప్పాలి. మాస్టార్నీ పిలిచా, వస్తానన్నారు. అసలు సూపర్ హీరో అంటే నువ్వే!"

అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బా తెరిచే వేళ ఫోన్లు గుర్తొచ్చే ఆ అయిదుగురూ కొట్టారు. ఆమె తేలు కుట్టిన దొంగలా నవ్వింది. ఉత్తరాన్ని బోర్డుకి గుచ్చారు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర పిట్ట కనపడ్డాడు. చేతిలో మడిచిన కాగితం.

"సోమవారమే ఆలస్యమెందుకని అడిగారు, ఇవాళ మెమో ఇచ్చారక్కా. పది నలభై అయిదుకి ఫోను చేస్తే పదకొండు ముప్పై ఒకటికి వెళ్ళానట. ఈ ఏడాది మూడో ఆలస్యమట. మొదటి రెండూ నావే, కాదనను. సోమవారం నుంచి వర్క్‌షాప్‌లో మోటార్లకి గ్రీజు పుయ్యమన్నారు."

"నీ ఫోన్లో నేను చేసిన టైము ఉంటుంది కదరా. చూపించలేదా?"

"ఉంది. పదకొండు ఇరవై నాలుగు." అతను కాగితం ఇంకో మడత పెట్టాడు. "నువ్వే చెప్తావనుకున్నా. సోమవారం చెప్తావనుకున్నా. మంగళవారం చెప్తావనుకున్నా. ఇవాళ చప్పట్లు వినపడ్డాయి."

కోప్పడితే ఏదో ఒకటి అనవచ్చు. వాడు కోప్పడటం లేదు.

"ఉత్తరం... ఆ మాస్టారు రాశాడు" అంది చివరికి, ఏదో తనకు సాక్షి ఉన్నట్టు.

"విన్నా. మంచాయన." పిట్ట పైకీ కిందికీ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటి చెప్తా, ఎక్కడా అనకు. తలుపు తీసేసరికి ఆయన కూరల సంచీ ముందు అడ్డంపెట్టుకుని మూలకి తిరిగి నిలబడ్డాడక్కా. పంట్లాం తడి. కింద తడి. ఆపుకోలేకపోయాడు పాపం, అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నా కోటు విప్పి ఇస్తే నడుముకి కట్టుకున్నాడు. నేల నేనే తుడిచా. అప్పుడేమన్నాడో తెలుసా? 'నాయనా, ఆవిడకి చెప్పకు. అంత సంతోషంగా కథ చెబుతోంది' అన్నాడు."

పిట్ట దిగి వెళ్ళిపోయాడు. ఆమె గోడకు ఆనుకుని ఆ "ఊఁ"లన్నీ మళ్ళీ విన్నది. ఒక్కొక్కటీ కాళ్ళు బిగబట్టుకున్న మనిషి "ఊఁ". సినిమాల్లో ఎవరూ ఎవర్నీ "దెబ్బేం తగల్లేదుగా" అని అడగడం లేదని ఆయనకే గదా చెప్పింది, చేతులూపుతూ! ఆ నలభై ఒక్క నిమిషాల్లో తను మాత్రం అడిగిందా? మొదట్లో ఒకసారి ఊపిరి సంగతి అడిగింది. అంతే. లోపలి మనిషిని మాటల్లో పెట్టాల్సింది పోయి, లోపలి మనిషే తనని మాటల్లో పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి చెప్పేసింది. తడి సంగతి తప్ప అన్నీ చెప్పింది. అతను లేచి తలుపు వేసి వచ్చాడు.

"అక్కా, ఉత్తరం పైవాళ్ళకి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇది వెళ్ళడం బాగుండదు. ఒక పని చేద్దాం. పిట్ట మెమో వెనక్కి తీసుకుంటా. ఆలస్యానికి కారణం 'సాంకేతిక లోపం' అని రాస్తా. నువ్వు సోమవారం వచ్చి నీ పాఠం నువ్వు చెప్పు. ఎవరికీ నష్టం లేదు."

చాలా హాయైన ఏర్పాటు. తప్పు ఒప్పుకుంటే గుండె తేలికపడుతుందని నీతికథలు చెబుతాయి గానీ, ఒప్పుకున్నాక కూడా బోర్డు మీద ఉత్తరం ఉండనిస్తామంటే వద్దనేవాడు ఏ నీతికథలోనూ లేడు. కథలక్క "సరే" అంది. అని తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగింది.

"సాంకేతిక లోపం అంటే, ఆ లిఫ్టు కిందటిసారి సర్వీసు చేసిందెవరని చూస్తారు కదా?"

"చూస్తారు. చూస్తే ఏముంది, ఎవడో మెకానిక్కు."

"వద్దు. నా పేరు రాయండి."

"ఎందుకక్కా లేనిపోని గొడవ?"

"రాయండి బాబూ. నా ముందే రాయండి."

రాశాడు. మూడు నెలలు ఆమెను మైకు ముందు కూర్చోనివ్వరు. పాత సర్వీసు కాగితాలు తేదీల వారీగా పేర్చాలి. ఉత్తరం బోర్డు మీంచి పోయింది, నాలుగు గుండుసూదులు మిగిలాయి. పిట్ట మెమో చించేశారు. వాడు వచ్చి థాంక్స్ చెప్పలేదు. చెప్పనందుకు ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"మరి మాస్టారికి సోమవారం రావద్దని ఎవరు చెప్తారు?" అన్నాడు సూపర్‌వైజరు, ఫోను ఆమె వైపు జరుపుతూ.

"వాళ్ళింటికే వెళ్ళి చెప్తా" అంది.

ఆదివారం వెళ్ళింది. లిఫ్టు ఎక్కడానికి ముఖం చెల్లక అయిదంతస్తులూ మెట్లెక్కింది. గంట నొక్కి ఆయాసం తగ్గేలోపే తలుపు తెరుచుకుంది. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా. ఇన్నాళ్ళూ ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకోనే లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నమస్కారమండీ. నేను..."

"మీరు కథ చెప్పినావిడ కదూ! గొంతు పట్టేశా!"

లోపల్నుంచి ఆడగొంతు: "ఎవరండీ?"

"లిఫ్టువాళ్ళు!" అని కేకేసి, మాస్టారు బయటికొచ్చి తలుపు దగ్గరగా లాగాడు.

రేపటి కార్యక్రమం లేదని చెప్పింది. ఎందుకు లేదో కూడా చెప్పింది. మెట్ల మీద నాలుగుసార్లు కూడబలుక్కున్న మాటలు తిన్నగానే వచ్చాయి: "పదకొండు ఇరవై మూడు దాకా నేను ఎవర్నీ పంపలేదండీ. కథలో పడి మర్చిపోయాను. వచ్చేస్తున్నాడని మీతో అబద్ధం చెప్పాను. అతను రెండు వీధుల అవతలే ఉన్నాడు."

మాస్టారి మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయిన జెండాలా.

"అంటే, అప్పుడే పంపుంటే పావుగంటలో తలుపు తీసేవాడు."

"తీసేవాడండీ."

"పావుగంటకి నాకేం ఇబ్బంది లేదమ్మా" అన్నాడు. అని, చెప్పుల వైపు చూశాడు. ఆమె కూడా అటే చూసింది. తనకు తెలుసని ఆమె చెప్పకూడదు. ఆమెకు తెలుసా అని ఆయన అడగలేడు.

"నేనేమనుకున్నానంటే... వాళ్ళు చెయ్యగలిగిందంతా చేస్తున్నారు, లోపం నా ఒంట్లోనే ఉంది, వయసు మీద పడింది అనుకున్నా. అలా అనుకుని సర్దుకున్నా. ఉత్తరం కూడా అందుకే రాశా." తలెత్తాడు. "ఇది నాకెందుకు చెప్పారమ్మా?"

'మీకు నిజం తెలియాలని' అనే జవాబు ఆమె నాలుక చివర ఉంది. ఆ మొహం ముందు అది ఎంత చవగ్గా ఉంటుందో అర్థమై మింగేసింది. తన బరువు దించుకోవడానికి అయిదంతస్తులు ఎక్కి వచ్చి, ఎవరి గుమ్మంలో దించిందో చూసింది.

"తెలీదండీ" అంది.

"గుమ్మంలో నిలబెడతారేంటండీ, లోపలికి రమ్మనండి!" అంది లోపలి గొంతు.

"వెళ్ళిపోతున్నారు!" అన్నాడు మాస్టారు గట్టిగా. తర్వాత ఆమెకు మాత్రమే వినపడేలా, "మా ఆవిడకి మీ గురించి చాలా చెప్పాను. లోపలికొస్తే కూర్చోబెట్టి ఆ సినిమా మొదట్నుంచీ చెప్పమంటుంది. పక్కన కూర్చుని నేను నవ్వాలి. నా వల్ల కాదు. వెళ్ళండమ్మా" అన్నాడు.

తలుపు విసిరి వెయ్యలేదు. గడియ చప్పుడు కాకుండా మెల్లగా జార్చాడు. విసిరి ఉంటే ఆ మెట్లు దిగడం ఆమెకు తేలికయ్యేది.